ఆడపడుచు పేరు మీద

"ఇది బియ్యం డబ్బాలోకి ఎలగొచ్చినాది? ఎవులు పెట్టినారు? నాకు సెప్పాల. సెప్పే వరకూ పొయ్యి ఎలిగించనివ్వను."

ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆమె ఒళ్ళో కోడలు సత్యవేణి పుస్తెలతాడు ఉంది. పొద్దున్నే అత్తెసరు పెడదామని, డబ్బా అడుగుకి వచ్చిన బియ్యంలో చెయ్యి పెడితే వేళ్ళకి తగిలింది. ఆ తగిలింది ఏమిటో తెలియగానే ఆమె పెట్టిన కేకకి వాట్‌గంజ్ కూలీల లైను ఇళ్ళలో సగం మంది కుళాయి దగ్గర బిందెలు వదిలేసి ఇటు చూశారు.

"అమ్మా, గొంతు తగ్గించు," అన్నాడు గురవయ్య.

"తగ్గించడమేటి? ముందు ఒకటి సెప్పు. నువ్వు బతికున్నావా, సచ్చినావా?"

గురవయ్య పనిలోకి వెళ్ళడానికి భుజాన వేసుకున్న తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"బతికే ఉంటే నీ పెళ్ళాం మెడలో ఉండాల్సింది బియ్యంలో ఎందుకున్నాది? ఆసుపత్రిలో తీసెయ్యమన్నారని ఎర్రిదానికి సెప్పినట్టు సెప్పకు. కాళ్ళ మెట్టెలు కూడా ఇందులోనే ఉన్నాయి. మెట్టెలేటి సేసినాయిరా డాక్టర్లని?"

అశ్విని జడ వేసుకుంటూ అద్దం దగ్గరే నిలబడిపోయింది. అద్దంలోంచి నాన్న కనిపిస్తున్నాడు. పుస్తెలు తీసిన సంగతి నానమ్మకి తెలియకూడదని ఇంట్లో ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. ఆ డబ్బా జోలికి ఆవిడ రాదులే అనుకున్నారు. వంట కోడలిది కదా అనుకున్నారు. కోడలు ఆసుపత్రిలో ఉంటే వంట ఎవరు చేస్తారన్న సంగతి ఆ ముగ్గురు తెలివైనవాళ్ళకీ తట్టలేదు.

"నానే తీసినాను," అని లోపలి గదిలోంచి ఒక గొంతు వచ్చింది.

అది నాగేశ్వరి గొంతు. గురవయ్యకి అక్క, అశ్వినికి మేనత్త. లోకం దృష్టిలో ఆవిడ ఇప్పుడు ఇక్కడ లేదు. నర్సింగ్ హోమ్‌లో ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉంది. రేపు పొద్దున ఆవిడ కడుపులో గడ్డ తీస్తారు. ఆ మంచం మీద నిజంగా పడుకున్నది సత్యవేణి అయినా, మంచానికి కట్టిన అట్ట మీద రాసి ఉన్న పేరు మాత్రం నాగేశ్వరిదే.

"నువ్వా?" అంది ముసలమ్మ. ఆమె గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "నీ సేత్తోనా?"

"నా కార్డులో నా మొగుడు పోయినాడని ఉన్నాది. ఆ కార్డు మీద ఎళ్ళినది పుస్తెలేసుకొని పడుకుంటే అడగరేటి?"

"మొగుడు పోయినదానివి, నా కోడలి మెడ మీద సెయ్యి ఏసినావా?"

లోపలి గదికి కట్టిన తెర కొంచెం కదిలి ఆగిపోయింది.

అశ్వినికి అరవాలనిపించింది. అత్తది తప్పు కాదు నానమ్మా అని చెప్పాలనిపించింది. ఆ రోజు ఎంత చెప్పినా అత్త వినలేదు. నా చేత్తో ఆ పని చెయ్యలేను మరదలా అని చేతులు వెనక్కి పెట్టుకుంది. "నువ్వే తియ్యి వదినా, నాను తీసుకోలేను," అని అమ్మే మెడ వంచింది. నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇదంతా కళ్ళారా చూసిన అశ్విని, గోడ వైపైనా తిరగకుండా, ఆటో పిలవడానికి బయటికి పోయింది.

అసలు సంగతి ఏమిటంటే, వాటిని తీయాల్సిన అవసరమే లేదు. చేతులకి తెల్ల శంఖు గాజులూ పాపిట్లో సిందూరమూ చూసి ముత్తయిదువని పోల్చుకునే బెంగాలీ ఊరిది. తెలుగు మనిషి మెడలో పసుపుతాడు ఏమిటో, కాలి వేళ్ళకి ఆ వెండి చుట్లు ఎందుకో ఈ ఊళ్ళో నర్సులకి ఎవరు చెప్పారు? చూసినా చెవిపోగుల్లాగే అవీ అనుకుంటారు. కానీ దొంగపని చేసేవాడికి లోకమంతా తన భాషే తెలిసినట్టుంటుంది. గురవయ్యకి అలాగే అనిపించింది. తీయించాడు.

కార్డు నాగేశ్వరికి మొగుడి ద్వారా వచ్చింది. వెంకటేశు బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లులో పర్మినెంటు పనివాడుగా ఉంటూ చనిపోయాడు. ఆయన వెనక ఆవిడకి మిగిలిందల్లా ఆ వైద్యం కార్డు ఒక్కటే. గురవయ్య కాంట్రాక్టరు కింద చెత్తబండి తోసే మనిషి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త మనిషి కిందే లెక్క. సొంత ఊళ్ళో ఉన్న ఆరోగ్య కార్డు, మనుషులు ఊళ్ళో లేరని ఎప్పుడో కొట్టేశారు. ఇక్కడ అడిగితే మీది ఈ రాష్ట్రం కాదుగా అన్నారు. అక్కడికి వలసపోయినవాళ్ళు, ఇక్కడికి బయటివాళ్ళు. మధ్యలో సత్యవేణి నెలలో సగం రోజులు రక్తం పోతూ, నడుముకి గుడ్డ బిగించుకుని, నలుగురి ఇళ్ళలో గిన్నెలు తోమింది. మొన్న ఒకరి వంటింట్లో పడిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

అందుకని నాగేశ్వరి నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి కౌంటర్ దగ్గర బొటనవేలు పెట్టింది. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పింది. తర్వాత బాత్రూములో వదినా మరదళ్ళు చీరలు మార్చుకున్నారు. మరదలు మంచమెక్కింది. వదిన మరదలి చీరలో వెనక గేటులోంచి బయటపడింది. అప్పటినుంచీ ఆవిడ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. ఇంతవరకూ ముసలమ్మకి తెలుసు.

"పక్కింటి మేరీరాణి సర్చీలో నా పేరు మీద పార్దన సేయించినాదట," అంది తెర వెనకనుంచి నాగేశ్వరి, ఎవరినీ ఉద్దేశించనట్టు. "కిటికీలోంచి ఇన్నాను. జబ్బు దానికి, పార్దన నాకు. నాను ఇంట్లో కూకొని దాని దీవెనలు తింటన్నాను. నన్నేటి అంటావే అమ్మా? నాకు మాత్రం సుకంగా ఉన్నాదా?"

ముసలమ్మ పుస్తెలతాడుని చీర చెంగులో మూట కట్టుకుంది. లేచి నిలబడింది. కొడుకు ముందుకి వచ్చి మొహంలోకి చూసింది.

"ఆసుపత్రిలో ఆ పిల్ల నిన్నేటని పిలస్తన్నాది?"

గురవయ్య చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"సెప్పరా. తమ్ముడూ అంటన్నాదా?"

"పిలవడం నేదమ్మా," అన్నాడు గురవయ్య. "నాలుగు రోజులై నాతో మాటాడ్డం నేదు."

అంత రాద్ధాంతం చేసిన ముసలమ్మ గుమ్మం లోంచి పక్కకి తప్పుకుంది. ఆ సందులోంచి గురవయ్య తల వంచుకుని బయటికి పోయాడు.

అప్పుడే అశ్విని ఫోను మోగింది.

*

ఫోను చేసిన శారద మేడమ్ మంచి మనిషి. అది అశ్వినికి ఇంకా పెద్ద బాధగా ఉంది.

రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఒక పరిశోధన సంస్థలో ప్రొఫెసరుగా పనిచేస్తోంది. పని వెతుక్కుంటూ ఊళ్ళు దాటినవాళ్ళకి వైద్యం బీమా ఎంతవరకూ అందుతోందన్నది ఆవిడ పరిశోధన. ఆ సర్వేలో అశ్విని ఇంటింటికీ తిరిగి ట్యాబ్‌లో జవాబులు నింపుతుంది. ఇంగ్లీషు, బెంగాలీ, హిందీ, ఇంటి తెలుగు వచ్చిన పిల్ల అని మేడమ్ ఏరి మరీ తీసుకుంది. లైనులో అశ్వినిని అందరూ ఆఫీసరమ్మ అంటారు. సగం వేళాకోళమే అయినా ముసలమ్మకి ఆ మాట వింటే కడుపు నిండిపోతుంది.

"ఇన్నాళ్ళూ మనకి దొరికినవన్నీ కార్డు పనికిరాలేదన్న కథలే అశ్వినీ," అంది శారద, టాక్సీలో కూర్చోగానే. "నిన్న ఒక నర్సింగ్ హోమ్ వాళ్ళు ఫోన్ చేశారు. ఒకావిడకి కార్డు మీద రేపు ఆపరేషన్ అట. మన తెలుగావిడే. వితంతువు. పిల్లలు కూడా లేరట పాపం. అలాంటి మనిషికి ఏ అడ్డూ లేకుండా వైద్యం అందుతోందంటే, ఏం చేస్తే అందుతుందో మనం అందరికీ చూపించొచ్చు. మన రిపోర్టు ఆవిడతోనే మొదలుపెట్టాలని ఉంది నాకు."

"ఆవిడ పేరేంటి మేడమ్?"

"నాగేశ్వరి."

అశ్విని కిటికీ వైపు తిరిగింది. ట్రాము పట్టాల మీద టాక్సీ ఎగిరెగిరి పడుతోంది.

"మేడమ్, నాకు ఒంట్లో బాగాలేదు. ఇంకెవరినైనా తీసుకెళ్ళండి."

"అయ్యో, జ్వరమా?" అని శారద వెంటనే చెయ్యి నుదుటి మీద వేసి చూసింది. "చల్లగానే ఉందే. కాసేపే తల్లీ. మీ శ్రీకాకుళం మాట నాకు సగం అందదు. ఆవిడ నాతో మొహమాటపడుతుంది. నీతో అయితే ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి దారి పొడుగునా వీలు ఉంది. కానీ చెప్పబోయిన ప్రతిసారీ ఆమెకి బడ్జ్ బడ్జ్‌లో ఒక ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో ఒక బీహారీ మనిషి, చెల్లెలి కార్డు మీద తన బిడ్డని కన్నానని తలుపు వేసి మరీ చెప్పింది. నమ్మి చెప్పింది. అశ్విని ట్యాబ్‌లో దుర్వినియోగం అన్న గడి నొక్కింది. నొక్కి ఊరుకోలేదు. "ఇలా చేస్తే నిజంగా అవసరమైనవాళ్ళకి అందదు మాషీ," అని పిన్ని వరస కలిపి నీతి కూడా చెప్పింది. ఆ మనిషి ఏమీ అనకుండా టీ పెట్టి ఇచ్చింది. బాగుందని రెండోసారి కూడా అడిగి తాగి వచ్చింది అశ్విని.

ఇప్పుడు తలుచుకుంటే ఆ టీ గొంతులోకి వస్తున్నట్టుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. దొంగపని చేసినందుకు కాదు ఆ సిగ్గు. అమ్మ బతకడం కోసం ఇంతకన్నా పెద్ద దొంగపని అయినా చేస్తుంది. కానీ అదే పని ఇంకొకావిడ చేసినప్పుడు తను కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పింది కదా, దానికి.

టాక్సీ ఆగింది.

*

సత్యవేణి కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆకుపచ్చ గౌను పెద్దదై భుజం మీంచి జారుతోంది. బోసి మెడ కనిపిస్తోంది. జుట్టు వెనక్కి బిగించి కట్టారు. వదిన కన్నా బాగా చిన్నదే, కానీ రోగం ఆ తేడా చెరిపేసింది. కార్డు మీది ఫోటోని ఎవరూ రెండోసారి చూడలేదు.

అడుగుల చప్పుడుకి ఇటు తిరిగింది. కూతుర్ని చూడగానే మొహం వెలిగింది. వెనకనే కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ కనిపించేసరికి ఆ మొహం మూసుకుపోయింది.

"నమస్కారం నాగేశ్వరిగారూ," అంది శారద. "నా పేరు శారద. మాది రాజమండ్రి."

సత్యవేణి అదిరిపడింది. ఇన్ని రోజులుగా ఆ వార్డులో తెలుగే వాళ్ళకి చాటు. చుట్టూ బెంగాలీ, హిందీ. విజిటింగ్ వేళ గురవయ్య వచ్చి మంచం పక్కన నిలబడి ఏం చెప్పినా, ఏం ఏడ్చినా, ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఆ చాటు కాస్తా పోయింది. పోగొట్టిన మనిషిని వెంటబెట్టుకు వచ్చింది కన్నకూతురే.

శారద స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. అశ్విని మంచం కాళ్ళ వైపు ట్యాబ్ పట్టుకుని నిలబడింది.

"భయపడకండి. మీ కార్డు గురించి నాలుగు ముక్కలు అడిగి వెళ్ళిపోతాం. అశ్విని రాసుకుంటుంది. మీకు ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు."

"అడగండమ్మా," అంది సత్యవేణి. గొంతు పీలగా ఉంది. ఏది అడిగినా లేదు అనమని గురవయ్య ముందే నేర్పాడు. కౌంటర్ దగ్గర అక్క చెప్పిన జవాబులకి తేడా రాకూడదు, ఒక్క మాట అటూ ఇటూ అయినా మొత్తం కూపీ లాగుతారు అన్నాడు. ఆమె ఆ మాటని మంత్రంలా పట్టుకుని ఉంది.

అప్పుడే గురవయ్య, పని మధ్యలో బయట కొన్న గంజితో, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. ముందు కూతుర్ని చూశాడు. తర్వాత ఆ పెద్దావిడని చూశాడు. కాళ్ళు వెనక్కి వేయబోయేంతలో శారద ఆయన్ని చూసేసింది.

"రండి రండి. మీరేమవుతారు ఈవిడకి?"

గురవయ్య డబ్బాని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"తమ్ముణ్ణమ్మా," అన్నాడు. అని, మంచం వైపు తిరిగి, "గంజి తెచ్చినానప్పా," అన్నాడు.

కట్టుకున్న పెళ్ళాన్ని అప్పా, అంటే అక్కా, అని పిలిచాడు. వినడానికి నవ్వు రావాల్సిన మాటే. ఇంకొకరి ఇంట్లో జరిగితే లైనంతా ఏడాది పాటు చెప్పుకుని నవ్వేవాళ్ళు. అశ్విని ట్యాబ్ వైపు చూస్తూ ఉండిపోయింది. అక్షరాలు కనిపించడం లేదు.

"కూర్చోండి," అని, శారద సత్యవేణి వైపు తిరిగింది. "మీ వారు ఏం చేసేవారమ్మా?"

సత్యవేణి జారిన గౌనుని భుజం మీదికి లాక్కుంది.

"మిల్లులో కదా. ఆయన పోయి చాలా కాలమైందా?"

లేదన్నా అవునన్నా మొగుడు పోయాడని ఒప్పుకున్నట్టే అయ్యే ప్రశ్న అది. సత్యవేణి పెదాలు కదిలాయి. ఎదురుగా మొగుడు నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన్ని చూసింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి తిన్నగా కళ్ళలోకి చూసింది. ఆ మాట నా నోట అనిపించకు అన్నట్టుగా ఉంది ఆ చూపు.

"పోయినాడమ్మా," అన్నాడు గురవయ్య. "మా బావ. గుండాగి పోయినాడు. శానా మంచోడు."

సత్యవేణి కళ్ళు మూసుకుంది.

"గుర్తుచేసి బాధపెట్టాను. ఏమనుకోకండి," అంది శారద, ఆమె చెయ్యి నిమురుతూ. "పిల్లలు?"

"నేరు."

ఆ మాట మటుకు ఎవరి సాయమూ లేకుండా చెప్పింది. అశ్విని ట్యాబ్‌లో పిల్లలు అన్న చోట సున్నా నొక్కాలి. వేలు ఆడలేదు. శారద తలెత్తి చూసేసరికి నొక్కింది. సున్నా పడింది. తర్వాత ప్రశ్న వచ్చింది.

"కార్డు చూపిస్తే ఇక్కడ ఎవరైనా ఇబ్బంది పెట్టారా?"

"నేదు."

"మీది వేరే రాష్ట్రం అని ఏమైనా అన్నారా?"

"నేదమ్మా."

"చూశావా అశ్వినీ," అంది శారద. ఆవిడ కళ్ళలో నిజమైన సంతోషం ఉంది. "పనిచేసింది." అని మళ్ళీ మంచం వైపు వంగి, "మా అశ్వినిది కూడా మీ వాట్‌గంజే. తెలుగువాళ్ళంతా ఒకచోటే ఉంటారటగా. ఎప్పుడైనా చూశారా ఈ అమ్మాయిని?" అంది.

ప్రశ్న సత్యవేణిని అడిగింది. ఆమె ఇంకా నోరు తెరవలేదు.

"లేదు మేడమ్. ఆవిడెవరో నాకు తెలీదు," అంది అశ్విని. "మా లైను వేరు."

అనేశాక తెలిసింది ఏం అన్నదో. ఎవరూ తనని అడగలేదు. అమ్మ ఎలాగూ లేదనే చెప్పేది. ఆ ఒక్క లేదూ అమ్మకి వదిలెయ్యకుండా తనే ఎగబడి చెప్పింది. పైగా, మా లైను వేరు అని ఇంకో అబద్ధం కలిపింది. అమ్మ వైపు చూడాలంటే భయం వేసింది. చూసింది.

సత్యవేణికి కోపం రాలేదు. ఊరికే చూస్తోంది, పరాయి పిల్లని చూసినట్టు, కాస్త కుతూహలంగా. ఆ చూపు నటనో నిజమో అశ్వినికి అంతుపట్టలేదు.

"నీ పేరేటమ్మా?" అని అడిగింది సత్యవేణి.

"అశ్విని."

"పొద్దుట ఏటైనా తిన్నావా? మొకం పీక్కుపోయినాది."

"తిన్నాను," అంది అశ్విని. తినలేదు. నానమ్మ పొయ్యి వెలిగించనివ్వలేదు.

"చూడు, ఇంత నొప్పిలో కూడా నీ గురించి అడుగుతోంది," అంది శారద. "ఎంత ఆప్యాయత!"

గురవయ్య టిఫిన్ డబ్బాని నేల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఊచలు పట్టుకుని బయట ఏదో ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

ఇంతలో సిస్టర్ ట్రే పట్టుకుని వచ్చింది. చకచకా పని ముగించుకుపోయే మనిషి. మంచానికి కట్టిన అట్ట చూసి, "నాగేశ్వరి," అని, దూది మీద స్పిరిట్ పోసింది. ఆపరేషన్ ముందు ఇచ్చే మందు పడుతుందో లేదో చూడాలి, చెయ్యి చాపమంది బెంగాలీలో. అలవాటు ప్రకారం అడగాల్సింది కూడా అడిగింది.

"ఇంతకు ముందు ఏ మందైనా పడకపోవడం ఉందా? కౌంటర్‌లో లేదని చెప్పారు. లేదుగా?"

"నేయ్," అంది సత్యవేణి బెంగాలీలోనే. ఏమీ లేదు.

అశ్విని ట్యాబ్ మీంచి తలెత్తింది.

లేకపోవడమేమిటి? చిన్నప్పుడు ఖిదిర్‌పూర్‌లో డాక్టరు గదిలో బల్ల మీద అమ్మ పడుకున్న తీరు ఆమెకి ఈనాటికీ కళ్ళకి కట్టినట్టుంది. జ్వరానికి సూది వేశారు. సూది తీసేలోపు అమ్మ మొహం ఉబ్బిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి, నాలుక బయటికి వచ్చింది, ఊపిరి ఈలలా వినిపించింది. బతికించాక డాక్టరు నాన్నని కూర్చోబెట్టి చెప్పాడు, పెన్సిలిన్ జాతి మందు ఇంకోసారి ఒంట్లోకి పోతే మనిషి దక్కదని. ఆ పేరు అమ్మకి నోరు తిరగక అశ్వినికి అప్పజెప్పారు. స్కూల్లో ఎక్కాలతో పాటు అదీ బట్టీ పట్టింది. అమ్మకి పేరు గుర్తులేకపోవచ్చు. ఆ సూది గుర్తులేకుండా ఉంటుందా?

గుర్తుంది. తల్లి కళ్ళు ఒక్క క్షణం కూతురి కళ్ళని కలిసి పక్కకి తిరిగిపోయాయి. కౌంటర్ దగ్గర వదిన లేదని చెప్పింది. ఇప్పుడు ఉందంటే తేడా వస్తుంది. తేడా వస్తే మళ్ళీ వేలిముద్ర అంటారు, మంచం దింపేస్తారు, మొగుణ్ణీ వదిననీ పోలీసులకి పట్టిస్తారు. చిన్న చుక్కే కదా, ఏమవుతుందిలే అనుకుంది కాబోలు. సత్యవేణి చెయ్యి చాపింది.

"సిస్టర్, అది ఏం మందు?" అని అడిగింది అశ్విని.

"పెన్సిలిన్ రకం. నీకెందుకు?"

"ఆగండి. వెయ్యకండి. ఆవిడకి పడదు!"

వార్డులో నాలుగు మంచాల వాళ్ళు ఇటు తిరిగారు. గురవయ్య కిటికీ దగ్గర్నుంచి కదిలాడు, మళ్ళీ ఆగిపోయాడు. సిస్టర్ సూది పైకెత్తి పట్టుకుని చిరాగ్గా చూసింది.

"పేషెంటే లేదంటోంది. నువ్వు సర్వేకి వచ్చిన అమ్మాయివి. నీకేం తెలుసు?"

సిస్టర్ మళ్ళీ సత్యవేణి చెయ్యి పట్టుకోబోయింది.

"వద్దు సిస్టర్!"

శారద స్టూలు మీంచి లేచింది. అశ్విని దగ్గరికి వచ్చి తెలుగులో, మెల్లగా అడిగింది. "అశ్వినీ, ఈవిడెవరో తెలీదన్నావు. పడదని నీకెలా తెలుసు?"

కాసేపటి క్రితం ఎవరూ అడక్కుండానే చెప్పింది తెలీదని. ఇప్పుడు అడుగుతున్నారు. అశ్విని మేడమ్ మొహంలోకి చూడలేకపోయింది. ట్యాబ్‌లో ఆ సున్నా ఉన్న పేజీ వైపు చూస్తూ చెప్పింది.

"ఆవిడ మా అమ్మ మేడమ్. నాగేశ్వరి మా అత్త. మా అమ్మ పేరు సత్యవేణి. ఆయన మా నాన్న. ఆ మందు వేస్తే మా అమ్మ చచ్చిపోతుంది మేడమ్."

కళ్ళజోడు వెనక శారద కళ్ళు అశ్విని మీంచి గురవయ్య మీదికి, గురవయ్య మీంచి మంచం మీదికి వెళ్ళాయి. గురవయ్య ఊచల మీద తల ఆనించేశాడు.

"ఈ పిల్ల ఎవులో నాకు తెల్దమ్మా," అంది సత్యవేణి.

మోచేతి మీద లేచి కూర్చోవడానికి ప్రయత్నిస్తోంది. నొప్పికి మొహం వంకర పోతోంది. గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"అమ్మా," అంది అశ్విని.

"అమ్మా ఏటి? ఎవులమ్మ? నాకు పిల్లల్నేరని ఇందాకే సెప్పినాను. మీరు రాసుకున్నారు కూడాను. ఈ పిల్ల ఎవుర్ని సూసి ఎవురనుకుంటన్నాదో. నా పేరు నాగేశ్వరి. సూది ఎయ్యమనండమ్మా. రేపు నాకు ఆపరేసనున్నాది."

ఆ మాటలన్నీ తెలుగులోనే. వార్డులో ఒక్క ముక్క ఎవరికీ తెలియలేదు. సిస్టర్ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. సూది ట్రేలో పెట్టి, నడుము మీద చేతులు వేసుకుని శారద వైపు తిరిగింది.

"దిదీ, వీళ్ళ భాష మీకొచ్చు కదా. ఆ అమ్మాయి ఏమంటోంది? పేషెంటు ఏమంటోంది? నాకు చెప్పండి. డాక్టర్‌కి నేను చెప్పుకోవాలి."

శారద పెదాలు తడుపుకుంది. సత్యవేణి దుప్పట్లోంచి రెండు చేతులూ బయటికి తీసి ఆవిడకి దండం పెట్టింది.